గల్లాపెట్టె ప్రక్క పలుకుపెట్టె

సాయంకాలము ఆరున్నర. మా వీధి మొగనున్న కిరాణా దుకాణములో యజమాని ఒక చేత కందిపప్పు పొట్లము పట్టుకొని, రెండవ చేత కాటాపై బెల్లపు అచ్చును సరిచూచుచు, పురికొసను పంటితో త్రెంచుచు, ఎదుట నిలిచిన నలుగురైదుగురిలో ఎవరు ముందు వచ్చిరో, ఎవరు విసుగుకొనుచున్నారో కంటికొసతో కనిపెట్టుచుండును. ఆ సందడిలో, గల్లాపెట్టె ప్రక్కన, వినాయకుని పటమునకు క్రిందుగా, అరచేతిలో ఇముడునంతటి నీలిరంగు పెట్టె యొకటి "నలభై రెండు రూపాయలు అందినవి" అని బిగ్గరగా పలుకును. యజమాని తల యెత్తడు. "సరే, వెళ్లిరా అమ్మా" అని మాత్రము అనును. ఎవరితో అన్నాడో ఆమెకు తెలియును. ఆమె సంచి భుజమున వేసికొని వెళ్లిపోవును.

సమాచార సాంకేతికత యనగానే మన తలపునకు వచ్చునది గాజుగోడల మేడ, బారులు తీరిన కంప్యూటర్లు, మెడలో పట్టీలు వ్రేలాడు ఉద్యోగులు. ఆ మేడలను గూర్చి వ్రాయువారు చాలమంది కలరు. పురికొస దుకాణమును గూర్చి వ్రాయువారు అరుదు. అయినను తరచి చూచినచో వ్యాపారమనునది ఆదినుండియు సగము సరుకు, సగము కబురు. గోదాములో బెల్లమెంత మిగిలినది, టోకు బజారులో మిరప యే ధర పలుకుచున్నది, ఎవరి బాకీ ఎన్నాళ్లుగా నిలిచియున్నది, పంపితినని చెప్పుచున్నవాని సొమ్ము నిజముగా వచ్చినదా లేదా అను కబురులను పొరుగువానికన్న ఒక గడియ ముందుగా తెలిసికొన్నవాడు గట్టెక్కును. తెలియనివాడు, వాని సరుకెంత మంచిదైనను, మునుగును. సరుకు మోయుటకు ఎడ్లబండి పోయి లారీ వచ్చినట్లే, కబురు మోయుటకు జాబు పోయి, తంతి పోయి, ట్రంకుకాలు పోయి, సెల్‌ఫోను వచ్చినది. నేనిచ్చట చెప్పునది చిన్న వ్యాపారముల మాట. ప్రభుత్వ పరిభాషలో 2025 ఏప్రిల్ 1 నుండి యంత్రాదులపై పెట్టుబడి రెండున్నర కోట్లను, సాలుసరి టర్నోవరు పది కోట్లను మించనిది సూక్ష్మ సంస్థ. 25 కోట్లు, 100 కోట్లలోపుది చిన్న సంస్థ. 125 కోట్లు, 500 కోట్లలోపుది మధ్యతరహా సంస్థ. పది కోట్ల వ్యాపారము 'సూక్ష్మము' అని మా దుకాణదారునితో చెప్పగా ఆయన నవ్వి, అట్లయిన తానొక పరమాణువు కావలెననెను.

ఆ నీలిపెట్టె పుట్టుక తెలియవలెనన్న దానికి ముందున్న చిక్కు తెలియవలెను. ఫోనుతో చెల్లింపునకై గోడకు అతికించు క్యూఆర్ గళ్ల కాగితము దుకాణమునకు వచ్చిన క్రొత్తలో, సొమ్ము చెల్లించినవాడు తన ఫోను తెరను యజమాని ముఖము ముందు ఒకసారి ఆడించి వెళ్లిపోవుచుండెను. ఆ తెరపై పచ్చని టిక్కు గుర్తు నేటిదో, నిన్నటిదో, అసలుదో, అసలుదానిని పోలునట్లు ఎవడో కూర్చిన నకిలీయో, రెండు చేతులను నూనె అంటియున్నవాడు ఎట్లు తేల్చుకొనగలడు? తన ఫోను తీసి బ్యాంకు సందేశమును వెదకుదమన్న ముందు చేతులు తుడుచుకొనవలెను, అద్దాలు పెట్టుకొనవలెను. ఈలోపల మరి ముగ్గురు వచ్చి నిలుతురు. రాత్రి లెక్క చూచుకొనునప్పుడు అప్పుడప్పుడు రెండు మూడు వందలు తేడా వచ్చుచుండెడిదని ఆయన నాతో చెప్పినాడు. దీనికి విరుగుడు కనిపెట్టినవారు దుకాణదారుని శ్రద్ధగా చూచినవారై యుండవలెను. అతని కండ్లకు పని యున్నది, చేతులకు పని యున్నది, చెవులు మాత్రము ఖాళీగా నున్నవి. కబురును చెవికి మళ్లించిరి. అంతేకాదు, కంటికి చూపిన కబురు ఒక్కనికే తెలియును. చెవికి చెప్పిన కబురు చెల్లించినవానికిని, వాని వెనుక నిలిచినవానికిని కూడ తెలియును. కనుక ఆ పలుకు రసీదు మాత్రమే కాక, నలుగురి యెదుట సాక్ష్యము కూడ అయినది.

పెట్టె విప్పి చూచినచో లోపల ఆశ్చర్యపడవలసినది ఏమియు కానరాదు. ఒక సిమ్ము, ఒక చిన్న మోడెము, బ్యాటరీ, స్పీకరు, వీనినన్నిటిని నడపు చిప్పు. చెల్లింపు సంస్థవారి సర్వరుతో ఆ పెట్టె సన్నని దారపుపోగు వంటి సంబంధము నొకదానిని తెగకుండ నిలుపుకొనియుండును. సొమ్ము జమయైన క్షణమున ఆ పోగు వెంట కొద్ది అక్షరముల సందేశము వచ్చును. గొంతు ప్రయాణము చేసి రానక్కరలేదు, అంకె వచ్చిన చాలును. కొన్ని పెట్టెలలో సంఖ్యల ముక్కలను ముందే పలికించి నిలువచేసి, వచ్చిన అంకెను బట్టి వానిని గ్రుచ్చి వినిపింతురు. ఇచ్చట తెలుగు తన చమత్కారమును చూపును. నూరు రూపాయలైన 'వంద' అనవలెను, నూరుమీద అయిదైన 'వంద అయిదు' అనరాదు, 'నూట అయిదు' అనవలెను. రెండు 'వందలు', కాని రెండు 'వందల' అయిదు. చదువు రాని పసివాడు పప్పుబెల్లాలు కొనుచు తప్పు లేక పలుకు ఈ భేదమును, ముక్కలను కూర్చువాడు సూత్రముగా వ్రాసి యంత్రమునకు నేర్పవలెను. నేర్పనిచో ఆ పెట్టె మాట విన్న వీధియంతయు నవ్వును.

ఇక గోడకు అతికించిన క్యూఆర్ కాగితము. దానిని తొలిసారి చూచినప్పుడు మా పొరుగింటి మామ్మగారు, "ఇదేం ముగ్గు నాయనా, చుక్కా లేదు, మెలికా లేదు!" అనిరి. ఆమె పరిహాసమునకు అన్న ఆ పోలిక యెంత లోతైనదో కొంచెము సేపటికి చెప్పెదను. ముందు దీని పూర్వగాథ. దీనికి అగ్రజము గీతల సంకేతము, అనగా బార్‌కోడు. 1974 జూన్ 26న అమెరికాలో ఒహాయో రాష్ట్రమందలి ట్రాయ్ పట్టణమున, మార్ష్ అను సరుకుల దుకాణములో, ఒక చూయింగ్ గమ్ పొట్లము మీది గీతలను యంత్రము చదివి ధర చెప్పినది. అది తొలి బోణీ. కాని ఆ గీతలు ఒక దిక్కుననే అర్థమిచ్చును. పొడవు కొలదియే సమాచారము. సుమారు ఇరువది అక్షరములు దాటినచో గీత చాలదు. జపానులో కార్ల విడిభాగములు చేయు డెన్సో సంస్థలో ఒక్కొక్క పెట్టెపై పదేసి గీతల చీటీలు అతికించి, పనివాండ్రు వానిని ఒకటొకటిగా చదివించి చదివించి వేసారుచుండిరి. ఆ బాధను తీర్చుటకు పూనుకొన్న మసహిరో హర అను ఇంజనీరు, నిలువుగను అడ్డముగను కూడ అర్థమిచ్చు గళ్ల సంకేతమును 1994లో సిద్ధపరచెను. భోజన విరామమున తానాడు 'గో' అను ఆటబల్లమీది నలుపు తెలుపు కాయలు తనకు ఆ యూహ నిచ్చినవని ఆయన చెప్పుకొనెను.

గళ్లలో సమాచారము నింపుట సులభము. అవి ఎక్కడ ఉన్నవో, ఏ వైపుగా తిరిగియున్నవో కెమెరాకు తెలుపుట కష్టము. ఈ కష్టమునకు హర చూపిన ఉపాయము మూడు మూలలందలి మూడు పెద్ద చతురములు. వానిలో దేనికైన నడిమినుండి ఒక గీత గీచితిమేని, ఒక వంతు నలుపు, ఒక వంతు తెలుపు, మూడు వంతులు నలుపు, మరల ఒక వంతు తెలుపు, ఒక వంతు నలుపు వచ్చును. ఏ కోణమున గీచినను ఈ నిష్పత్తి మారదు. ఇది యాదృచ్ఛికముగా ఎన్నుకొన్నది కాదు. పత్రికలు, కరపత్రములు, అట్టపెట్టెలు మొదలగు అచ్చు సామగ్రిని గుట్టలుగా తెచ్చి, వానిలో నలుపు తెలుపుల నిష్పత్తి యేది మిక్కిలి అరుదుగా వచ్చునో లెక్కకట్టి, ఆ అరుదైన దానిని గుర్తుగా గైకొనిరి. అందుచేతనే మన ఫోను, గోడమీద సబ్బుల ప్రకటన, దేవుని క్యాలెండరు, విద్యుత్ బిల్లు ప్రక్క ప్రక్కన నున్నను, తడుముకొనక ఆ గళ్లనే పట్టుకొనును. మూడు మూలలు దొరికిన పిమ్మట కాగితము వాలియున్నను, తలక్రిందులైనను, ఫోను దానిని లెక్కలో చదునుచేసికొని, ఒక్కొక్క గడి నలుపో తెలుపో చూచుకొనుచు పోవును.

ఇప్పుడు మామ్మగారి ముగ్గు. తెల్లవారి వాకిట వేసిన చుక్కల ముగ్గును పాలవాని సైకిలు ఒక ప్రక్క చెరిపినదనుకొందము. ముగ్గు నెరిగిన ఇల్లాలు మిగిలిన భాగమును చూచి చెరిగినచోట ఏ మెలిక యుండవలెనో తప్పక చెప్పగలదు. ఏలయన ముగ్గులో ప్రతి గీతయు తక్కిన గీతలను బట్టి నడచును. క్యూఆర్ గళ్లలో కూడ అసలు సమాచారముతో పాటు, దానినుండియే లెక్కకట్టిన అదనపు గళ్లు కొన్ని యుండును. ఈ లెక్కను 1960లో ఇర్వింగ్ రీడ్, గుస్టావ్ సాలమన్ అను గణితవేత్తలు ప్రకటించిరి. స్థూలముగా చెప్పవలెనన్న, రెండు బిందువులు చాలును ఒక సరళరేఖను నిర్ణయించుటకు. మనము ఆ రేఖమీదనే అయిదు బిందువులను గుర్తించి పంపితిమేని, దారిలో ఒకటి జారి ప్రక్కకు పడినను, తక్కిన నాలుగును ఒకే రేఖపై నిలిచి ఆ ఒక్కదాని దోషమును పట్టి యిచ్చును. నిజమైన లెక్క సరళరేఖలతో కాక పెద్ద బహుపదులతో, 256 విలువలు మాత్రమే గల ఒక విచిత్ర గణితమున జరుగును గాని, సారము ఇదియే. అదనపు గళ్లను ఎంత ఎక్కువ ఉంచినచో అంత దెబ్బను ఓర్చుకొనును. మిక్కిలి గట్టి రకమున దాదాపు 30 శాతము చెడినను చదువవచ్చును. మా దుకాణములోని కాగితము ఎడమ మూలను నూనె త్రాగినది, నడుమ ఎవరో బిడ్డ పెన్నుతో గీచినాడు. అయినను ఒక్కనాడును మొండికేయలేదు.

ఈ గళ్లలో ఏమున్నదో తెలిసినవారు తక్కువ. ఇందులో సొమ్ము లేదు, రహస్యము లేదు. దుకాణదారుని యూపీఐ చిరునామా, పేరు, మరికొన్ని గుర్తులు మాత్రమే కలవు. తలుపుమీది నంబరుపలక వంటిది. నంబరుపలకను మార్చినవానికి ఉత్తరములు చేరునట్లే, రాత్రివేళ ఎవడైన తన కాగితమును దీనిమీద అతికించి పోయినచో, తెల్లవారి సొమ్ము వానికి పోవును. ఈ మోసము పలుచోట్ల జరిగినది. పలుకుపెట్టె ఉన్నచోట ఇది ఎంతోసేపు సాగదు. పెట్టె నోరు విప్పలేదేమని రెండవ బేరమునకే తెలిసిపోవును.

గళ్లను చదివిన తరువాత జరుగునది ఇది. కొనువాడు మొత్తము కొట్టి, రహస్యపు అంకెలు నొక్కును. ఆ అంకెలు ఫోనులోనే తాళము వేయబడి బయలుదేరును. వానిని సరిచూచునది అతని ఖాతా గల బ్యాంకు. ఆజ్ఞ నడుమ నున్న జాతీయ చెల్లింపుల సంస్థ కూడలికి చేరును. కూడలి కొనువాని బ్యాంకును "ఇంత తీయుము" అని యడుగును, తీసినదని తెలిసిన పిదప అమ్మువాని బ్యాంకును "ఇంత జమకట్టుము" అని కోరును, రెండు వైపుల జవాబు వచ్చినంతనే ఫలితమును ఇరువురికిని చాటును. బ్యాంకులు తమలో తాము సొమ్ము మార్చుకొనుట వెంటనే జరుగదు; దినమునకు పలుమార్లు, ఇచ్చిపుచ్చుకొనవలసిన వానిని కొట్టివేసికొని మిగిలిన తేడాను మాత్రము రిజర్వు బ్యాంకు పుస్తకములలో సర్దుకొందురు. పూర్వము హుండీల కాలమున రెండు ఊళ్ల సాహుకార్లు ఒకరి కాగితములను ఒకరు చెల్లుబెట్టుకొని, ఏడాది చివర తేడా సొమ్మును మాత్రము పంపుకొను పద్ధతికి ఇది దూరపు చుట్టము కాదు, దగ్గరి బంధువే. ఆ కూడలిని నడపు సంస్థ 2008లో ఏర్పడినది. యూపీఐ 2016 ఏప్రిల్‌లో ఆవిష్కృతమైనది. అదే యేడు నవంబరులో పెద్దనోట్లు రద్దయి చేతిలో చిల్లర లేక జనులు దానిని వెదకికొనుచు వచ్చిరి. 2024 సంవత్సర మొక్కదానిలో ఈ మార్గమున జరిగిన చెల్లింపులు 17,000 కోట్లకు పైబడినవి.

ఇంతకుమునుపు కార్డులు గీకు యంత్రము లేకపోలేదు. దానికి అద్దె కట్టవలెను, ప్రతి బేరముపైన నూటికింతయని రుసుము చెల్లించవలెను. నలభై రూపాయల పప్పు అమ్మి అయిదు రూపాయలు మిగుల్చుకొనువాడు అందులో ఎవరికి పంచును? క్యూఆర్ వచ్చి చేసిన మార్పు ఏమనగా, ఖరీదైన యంత్రమును అమ్మువాని బల్లమీదనుండి తీసి కొనువాని జేబులో పెట్టినది. అమ్మువానికి మిగిలినది కాగితపు ముక్క. డెన్సోవారు తమ పేటెంటు హక్కును జనులపై ప్రయోగింపక ఊరకుండుట, మన ప్రభుత్వము 2020 జనవరి నుండి యూపీఐపై వ్యాపారి చెల్లించు రుసుమును సున్న చేయుట, ఈ రెండును కూడనిచో ఆ కాగితము తోపుడుబండి దాక వచ్చియుండునని నేననుకొనను.

అయితే, సొమ్ము అందుకొనుట కబురులలో ఒక్కటి మాత్రమే. అసలు మర్మము పద్దులలో ఉన్నది. మన వ్యాపారులు తరతరాలుగా రెండు పుస్తకములను నడపిరి. జరిగినది జరిగినట్లు, ఒకదాని వెనుక ఒకటిగా వ్రాసికొనునది చిట్టా. దానినుండి ఏ ఆసామి పద్దు ఆ ఆసామి పేరిట విడదీసి యెక్కించునది ఆవర్జా. చిట్టా కాలమును చెప్పును, ఆవర్జా మనుష్యుని చెప్పును. గుమాస్తా జీవితమంతయు ఈ మొదటిదానినుండి రెండవదానికి ఎక్కించుటలోనే కరగిపోయెడిది. ఎక్కించునప్పుడు ఒక్క పద్దు జారెనేని, దానిని పట్టుకొనుటకు దీపావళికి ముందు వారము రోజులు దీపము పెట్టుకొని కూర్చుండెడివారు. కంప్యూటరు ఇచ్చట చేసిన ఉపకారము వేగముగా కూడుట కాదు. ఒక్కసారి వ్రాసిన పద్దును కావలసినపుడు చిట్టాగను, కావలసినపుడు ఆవర్జాగను, సరుకువారీగను, నెలవారీగను చూపగలుగుట. ఎక్కింపు అను పనియే లేకుండ పోయినది. జారుటకు చోటే లేదు. 1986లో బెంగళూరున శ్యాంసుందర్ గోయెంకా, ఆయన కుమారుడు భరత్ గోయెంకా మొదలుపెట్టిన సాఫ్ట్‌వేరు, తరువాత ట్యాలీ అను పేరున, మన వీధులలో ఎంత పాతుకొనినదనగా, బి.కాం. చదివిన పిల్లవానిని "ఏం చదివావు?" అనక "ట్యాలీ వచ్చునా?" అని యడుగుచుందురు.

కాని నేను చూచిన దుకాణములలో చాలవాటిని గూర్చి నిజము చెప్పవలసియున్నది. యజమాని యెదుట ఎఱ్ఱ అట్ట పుస్తకము, లోపలి గదిలో కంప్యూటరు. వ్యాపారము పుస్తకమున నడచును. నెలాఖరున ఒక కుఱ్ఱవాడు వచ్చి, బిల్లుల కట్టను విప్పి, పన్ను లెక్కల కొరకు వానిని కంప్యూటరులో కొట్టి పోవును. యజమాని దానివైపు తిరిగి చూడడు. సరుకు ఎప్పుడు తెప్పించవలెనో అతనికి చెప్పునది గోనెసంచి యడుగే గాని ట్యాలీ కాదు. ఇట్టిచోట కంప్యూటరు కొనుటవలన కలిగిన ఫలము ఒక్కటే: ఖర్చు.

ఇది మన దుకాణదారుల మూఢత్వమని కొట్టివేయుటకు నాకు మనసొప్పదు. పాత బియ్యపు మిల్లులను చూచినవారికి జ్ఞాపకముండును: ఒక మూల పెద్ద ఇంజను, కప్పు క్రింద ఈ చివరనుండి ఆ చివరకు తిరుగు ఇనుప ఇరుసు, దానినుండి ఒక్కొక్క యంత్రమునకు దిగిన తోలుపట్టాలు. పూర్వము అమెరికాలో పెక్కు కర్మాగారములు ఇట్లే ఆవిరియంత్రముతో నడచుచుండెడివి. 1880ల ప్రాంతమున విద్యుత్తు రాగా యజమానులు ఆవిరియంత్రమును తీసి అదే చోట పెద్ద మోటారును పెట్టిరి. ఇరుసు అట్లే, పట్టాలు అట్లే. లాభము లెక్కకు రాలేదు. ఒక్కొక్క యంత్రమునకు ఒక్కొక్క చిన్న మోటారు అమర్చి, ఇరుసు పీకివేసి, ఇరుసుకొరకు బారులు తీర్చిన యంత్రములను పని నడచు వరుసలో మరల అమర్చుకొనుసరికి 1920లు వచ్చినవి. ఉత్పత్తి అప్పుడు ఎగసినది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున ఆర్థిక చరిత్రకారుడైన పాల్ డేవిడ్ 1990లో ఈ ఉదంతమును కంప్యూటరుకు అన్వయించి చూపెను. లోపలి గదిలోని మన కంప్యూటరు, ఇరుసుకు తగిలించిన మోటారు.

ఇందుకు మనదేశమునుండియే ఒక గట్టి నిదర్శనము కలదు. నికొలస్ బ్లూమ్ మొదలగు ఆర్థికవేత్తలు ముంబయి పరిసరములందలి 17 నేత సంస్థలను, వానికి చెందిన 28 కర్మాగారములను ఎన్నుకొని, కొన్నిటికి నిపుణులను పంపి నెలల తరబడి దగ్గరుండి పద్ధతులు నేర్పించిరి. తక్కినవానిని పోల్చి చూచుటకై దాదాపు ఉన్నట్లే విడిచిరి. నేర్పినది గొప్ప విద్య కాదు. ఏ మగ్గము ఎందుకు ఆగినదో ఆగిన వెంటనే వ్రాయుట, బట్టలో లోపము ఎక్కడ వచ్చినదో గుర్తించి మరునాటి ఉదయము అందరును కూర్చుండి దానిని మాటలాడుట, నూలు గదిలో ఏ రకము ఏ అరలో ఉన్నదో చీటీ అంటించుట. మొదటి సంవత్సరమున ఉత్పాదకత 17 శాతము పెరిగినదని 2013లో ప్రకటించిరి. నన్నాకర్షించినది మరియొక సంగతి: వ్రాయు అలవాటు వచ్చిన పిమ్మట ఆ మిల్లులలో కంప్యూటరు వాడకము తనంతట తాను పెరిగినది. ముందు చీటీ, తరువాత యంత్రము. మనము తరచు తలక్రిందులుగా మొదలుపెట్టుదుము.

కంప్యూటరు జోలికి పోకయే, వట్టి ఫోను మాటతో మారిపోయిన వ్యాపారము కూడ నున్నది. ఉత్తర కేరళ తీరమున జాలరులు కవళ్ల చేపలను పట్టి తమ యూరి ఒడ్డుననే అమ్ముచుండెడివారు. మంచు లేదు, నిలువ లేదు, ప్రక్క ఒడ్డున ధర యెంతయో తెలియదు. 1997 జనవరి 14న వటకర ఒడ్డున పదునొకండు పడవలవారు కొనువారు లేక చేపలను కడలి పాలు చేయుచుండగా, పదునైదు కిలోమీటర్లలోపల నున్న చోంబాల, కొయిలాండి ఒడ్డులందు ఇరువదియేడుగురు కొనుగోలుదారులు చేపలు దొరకక వట్టి చేతులతో మరలిపోవుటకు సిద్ధముగా నుండిరని రాబర్ట్ జెన్సన్ అను పరిశోధకుడు నమోదు చేసెను. ఆ తరువాతి నాలుగేండ్లలో తీరము వెంట సెల్ టవర్లు వెలసినవి. వాని సంకేతము సముద్రముపై ఇరువది కిలోమీటర్లకు పైగా అందుచుండెను. పడవలోనుండియే ఫోను చేసి, ధర యున్న ఒడ్డునకు చుక్కాని త్రిప్పుట మొదలైనది. ఒడ్డునకును ఒడ్డునకును ధరలో తేడా దాదాపు తుడిచిపెట్టుకొని పోయినది, చేపలను పారబోయుట ఆగినది. జాలరి లాభము సగటున 8 శాతము పెరుగగా, కొనువాని ధర 4 శాతము తగ్గినది. సరుకు ఒక్క గంపెడైన పెరుగలేదు. పెరిగినది కబురు.

ప్రతి సరుకు కబురుకు లొంగదు. నిజామాబాదు మార్కెట్టులో పసుపునకు వర్తకులు ఫోనులోనే వేలము పాడవచ్చును; అయినను కొమ్మును విరిచి, లోపలి రంగు చూచి, ముక్కు దగ్గర పెట్టుకొనక ధర చెప్పుటకు పాతకాపులకు చేయి రాదు. పోచంపల్లిలో చీరల బొమ్మలను వాట్సాపులో హైదరాబాదునకు, అమెరికాకు పంపుచున్న నేతకుటుంబములవారికి ఇదే చిక్కు మరొక రూపమున ఎదురగుచున్నది. ఫోను తెర ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు వెలుగులను కలిపి తక్కిన రంగులనన్నిటిని భ్రమింపజేయును; పట్టుమీది వంకాయరంగు పడుగు పేకల కోణమును బట్టి మెరసి మారును. ట్యూబులైటు క్రింద తీసిన బొమ్మలో వంకాయరంగు నేరేడైపోవును, చీర తిరిగి వచ్చును, రానుపోను ఖర్చు నేతగానిది. అనుభవము గలవారు ఉదయము తొమ్మిది గంటల వేళ అరుగుమీద, ఎండ తగులని నీడలో, చీరను ఒక మడత కొసను వెనుకకు త్రిప్పి, పక్కన తెల్లని కాగితమొకటి కానవచ్చునట్లు పెట్టి బొమ్మ తీయుదురు. ఆ తెల్లకాగితము చూచువాని కంటికి తూనికరాయి. ఇది ఏ పాఠ్యపుస్తకమునను లేదు. చీరలు తిరిగి వచ్చి నేర్పినది.

పన్నుల యంత్రాంగమును గూర్చి రెండు మాటలు చెప్పక తీరదు. 2017 జూలై 1న జీఎస్‌టీ వచ్చిన పిమ్మట, అందులో నమోదైన ప్రతి వ్యాపారికి పదునైదు అక్షరముల సంఖ్య వచ్చినది. మొదటి రెండు అంకెలు 36 అయిన తెలంగాణ, 37 అయిన ఆంధ్రప్రదేశ్. 2023 ఆగస్టు 1 నుండి సాలుకు అయిదు కోట్లు దాటిన సంస్థ మరియొక సంస్థకు వ్రాయు బిల్లును ప్రభుత్వ ద్వారమున నమోదు చేయవలెను. అమ్మువాని జీఎస్‌టీ సంఖ్య, బిల్లు సంఖ్య, ఆర్థిక సంవత్సరము, పత్రరకము అను వానిని ఒక గణితపు రోలులో పోసి నూరి, 64 అక్షరముల ముద్దగా తీయుదురు. పప్పులో ఒక్క గింజ మారినను ముద్ద గుర్తుపట్టరానంతగా మారిపోవును. ముద్దనుండి పప్పును మరల తీయ నలవికాదు. కనుక ఒకే బిల్లు రెండుమార్లు వచ్చినచో అదే ముద్ద పుట్టి ద్వారము వద్దనే పట్టుబడును. ఒకే బిల్లును చూపి ఇద్దరి వద్ద అప్పు తెచ్చు విద్యకు ఇది కొంత అడ్డుకట్ట.

కబురు పరుల కంట పడుటలో మేలును కలదు, భయమును కలదు. ఖాతాలో నిత్యము జమ కనబడు చిన్నవానికి, పొలము పట్టా లేకున్నను, ఆ రాకపోకలను చూచి అప్పిచ్చు సంస్థలు వచ్చినవి. అదే రాకపోకలను మరియొకరును చూతురు. 2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖవారు యూపీఐ వసూళ్లను లెక్కించి, సరుకులకు నలభై లక్షలు, సేవలకు ఇరువది లక్షలు అను హద్దు దాటినట్లు తోచిన చిన్న వర్తకులకు తాఖీదులు పంపిరి. కూరగాయలు, పాలు మొదలగు పన్ను లేని సరుకులు అమ్మువారికి సైతము అవి చేరినవి. బెంగళూరు వీధులలో కొందరు గళ్ల కాగితమును చించి, 'నగదు మాత్రమే' అను అట్ట కట్టిరి. పన్ను కట్టవలసినవాడు కట్టవలసినదే. కాని సొమ్ము అందుకొనుటకని యిచ్చిన పెట్టె, తనకు తెలియకుండ లెక్క చెప్పుచుండెనని తెలిసినవాని గుండెలదరుపును నేను తేలికగా తీసికొనలేను. పెద్ద సంస్థలు చిన్నవారికి నలభైయైదు దినములలోపల బాకీ తీర్చవలెనని 2006 నాటి చట్టము చెప్పుచునేయున్నది. తాఖీదు వచ్చినంత వేగముగా ఆ సొమ్ము వచ్చుట నేను చూడలేదు.

మరల మా వీధి దుకాణము. మొన్న ఉగాదికి ఆయన కుమారుడు, హైదరాబాదులో ఉద్యోగము చేయువాడు, వచ్చి తండ్రి ఫోనులో అరువు లెక్కల యాప్ నొకటి వేసి పోయినాడు. ఎఱ్ఱ పుస్తకములోని బాకీలన్నిటిని రెండు రాత్రులు మేలుకొని అందులో ఎక్కించినాడు. నెల మొదటి తేదీన ఎవరి బాకీ యెంతయో వారి ఫోనుకు అదియే సందేశము పంపును. ఇంటింటికి పోయి అడుగు బాధ లేదు. రెండు నెలలు బాగుగనే సాగినది, వసూళ్లు కూడ మునుపటికన్న మెరుగనిపించినవి.

మూడవ నెలలో నేను పోయినప్పుడు ఆయన అద్దాలు ముక్కు కొసకు దించుకొని, ఫోనుతో కుస్తీ పట్టుచుండెను. "మాస్టారూ, ఇందులో ఒక్కళ్లకి మాత్రం మెసేజీ వెళ్లకుండా చెయ్యటం ఎట్లాగండీ?" అని యడిగెను. ఎవరికని చూతును గదా, మా పొరుగింటి మామ్మగారు. ఫించను ఆలస్యమై, మూడు వందల పదునెనిమిది రూపాయలు నిలిచినది. "ఒకటో తారీఖున అడిగించుకునే మనిషి కాదండీ ఆవిడ. ఫించను రాగానే తనే తెస్తుంది. ఈ మెసేజీ చూసిందంటే బాకీ తీర్చేసి, రేపటినుంచి ఆ మూల కొట్టుకి పోతుంది."

నేను వెదకి వెదకి ఆ మీట ఎక్కడున్నదో చూపితిని. ఆయన నొక్కి, ఫోను ప్రక్కన పెట్టి, సొరుగులోనుండి ఎఱ్ఱ పుస్తకము తీసి, క్రొత్త పుటలో మామ్మగారి పేరు వ్రాసికొనెను. అప్పుడే నీలిపెట్టె ఎవరిదో పదునైదు రూపాయల జమ చాటినది. ఆయన తల యెత్తలేదు.